స్తన స్వయం పరీక్ష: గృహవైద్యం ఎక్కడ ఆగాలి?

ఆరోగ్య పత్రికలకు వచ్చే లేఖలలో ఒక తరహా లేఖను నేను మొదటి వాక్యంలోనే గుర్తుపట్టగలను. దానికి సంతకం ఉండదు. "ఒక సోదరి" అనో, "పేరు ప్రచురించవద్దు" అనో చివర ఉంటుంది. రొమ్ములో రేగిపండంత గడ్డ తగులుతున్నది, నొప్పి లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కరిగిపోవడానికి పైపూత ఏదైనా తెలుపగలరు అని అందులోని విషయం. ఆ సోదరి లేఖ వ్రాసి, జవాబు అచ్చులో కనబడే వరకు రెండు మూడు నెలలు ఎదురుచూస్తుంది. అచ్చయిన పూతను మరొక రెండు నెలలు వేసుకుంటుంది. గడ్డ మాత్రం ఎవరి జవాబు కోసమూ ఆగదు.

నలభై సంవత్సరాలుగా ఆయుర్వేద చికిత్స చేస్తున్నవాడిని. గురువుగారి ఇంటనే ఉండి, కల్వంలో మందు నూరుతూ, శ్లోకాలు వల్లె వేస్తూ చదువుకున్నవాడిని. దగ్గుకు కరక్కాయ, అజీర్ణానికి వాము, బాలింతకు శొంఠి చెప్పడానికి నాకు రవంత సంకోచం లేదు. పోపుల పెట్టె ఇంటికి తొలి మందుల పెట్టె అని ఇప్పటికీ నమ్ముతాను. అటువంటి నేను గృహవైద్యానికి అంకితమైన ఈ పుటలలోనే ఒక మాట చెప్పదలచుకున్నాను. రొమ్ములో గడ్డకు గృహవైద్యం లేదు. ఆ గడ్డ ఏమిటో తేలే వరకు పూత గాని, పట్టు గాని, కషాయం గాని, గుగ్గులు మాత్ర గాని వాడరాదు. ఇంట్లో జరుగవలసినది వేరొకటి ఉన్నది. ఆడపిల్ల తన ఒంటిని తాను ఎరిగి ఉండాలి. మార్పు కనబడిన రోజే తల్లికి చెప్పాలి. తల్లి ఆ పిల్లను వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు బయలుదేరాలి.

ఈ మూడింటిలో ఏదీ మన ఇళ్లలో సులభంగా జరగడం లేదు. మొదటి అడ్డంకి మాటే. మన మధ్యతరగతి కుటుంబాలలో ఈ అవయవానికి పేరు లేదు. "గుండెల దగ్గర" అంటారు, "ఛాతీలో" అంటారు, లేదా ఏమీ అనకుండా పమిట మీద చేయి వేసి "ఇక్కడండీ" అంటారు. గుండెల్లో గట్టిగా ఉన్నదని చెప్పి, ఇ.సి.జి. తీయించుకొని, గుండె బాగానే ఉన్నదన్న కాగితం పట్టుకొని వచ్చినవారు కూడా ఉన్నారు. కూతురు పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి ఉండ ఎలా తినాలో, ఎన్ని రోజులు కదలకుండా కూర్చోవాలో చెప్పే పెద్దవాళ్లు ఇంటి నిండా ఉంటారు. రొమ్ము ఎలా ఉండటం సహజమో, ఎలా ఉంటే అసహజమో చెప్పేవారు ఒక్కరూ ఉండరు.

మహిళా కళాశాలలకు అప్పుడప్పుడు నన్ను ఉపన్యాసానికి పిలుస్తుంటారు. ఈ వ్యాధి పేరు తెలియని అమ్మాయి నాకు ఎక్కడా కనబడలేదు. అక్టోబరు నెలలో గులాబీ రంగు రిబ్బను ఎందుకు పెట్టుకుంటారో కూడా చెప్పగలరు. నెలకొకసారి అద్దం ముందు నిలబడి చూసుకునేవారు ఎందరని అక్కడి అధ్యాపకురాలి చేత అడిగిస్తే మాత్రం నవ్వులు, గుసగుసలు, ఆ తరువాత నిశ్శబ్దం. రిబ్బను మీద నాకు ద్వేషమేమీ లేదు. అయితే పేరు తెలియడం వేరు, చేతికి తెలియడం వేరు.

మా శాస్త్రం ఏమంటున్నదో చెప్పక తప్పదు. ఎందుకంటే మా వృత్తిలో కొందరు శాస్త్రాన్నే అడ్డం పెట్టి ఈ విషయాన్ని దాటవేస్తున్నారు. సుశ్రుత సంహిత నిదానస్థానం పదవ అధ్యాయంలో స్తనరోగాల ప్రస్తావన ఉన్నది. కన్యలలో స్తనాలను ఆశ్రయించిన ధమనుల ద్వారాలు మూసుకొని ఉంటాయనీ, అందుచేత దోషాలు అక్కడికి ప్రసరించవనీ, గర్భిణులలో, ప్రసవించినవారిలో ఆ ద్వారాలు సహజంగానే తెరుచుకుంటాయనీ అక్కడ చెప్పబడినది. ఇది పట్టుకొని "పెళ్లికాని పిల్లకు స్తనరోగం రాదు, నిశ్చింతగా ఉండమ్మా" అని పంపించే వైద్యులను నేను ఎరుగుదును. ఆ శ్లోకం చెప్పినది స్తన్యంతో, అంటే పాలతో ముడిపడిన వాపులను, చీముగడ్డలను గురించి. వెంటనే పదకొండవ అధ్యాయంలో గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం వస్తాయి. అర్బుదం శరీరంలో ఏ భాగంలోనైనా రావచ్చునని అక్కడ ఉన్నదే గాని, కన్యలకు మినహాయింపు ఉన్నదని లేదు. ఒక అధ్యాయం చదివి పుస్తకం మూసివేసినవాడు శాస్త్రం చదివినట్లు కాదు.

ఆ అర్బుద లక్షణాలను ఒక్కసారి చూడండి. గుండ్రనిది, స్థిరమైనది అంటే కదలనిది, మందరుజం అంటే నొప్పి అంతగా లేనిది, లోతుగా వేరు పాతుకొన్నది, నెమ్మదిగా పెరిగేది, పక్వానికి రానిది. ఇందులో రెండు మాటలు గృహిణులు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి మందరుజం. నా వద్దకు రొమ్ములో నొప్పి అని పరుగెత్తుకు వచ్చేవారే ఎక్కువ. బహిష్టుకు వారం రోజుల ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, సలిపి, బహిష్టు కాగానే తగ్గిపోయే నొప్పి చాలావరకు నిరపాయకరమైనది. నొప్పి లేని గడ్డను మాత్రం "బాధ పెట్టడం లేదు గదా" అని దాచుకొంటారు. భయపడవలసిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండవలసిన చోట భయం!

రెండవది పక్వానికి రానిది అన్న మాట. మన ఇళ్లలో పట్టు వేయడంలోని ఉద్దేశమేమిటి? సెగగడ్డను పండించి పగిలేటట్లు చేయడం, లేదా వాపును లాగివేయడం. పసుపు, సున్నం కలిపి వేసినా, ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టినా, ఆముదపాకు వేసినా ఉద్దేశం అదే. పండని గడ్డను పండించబూనడం మా గ్రంథం ప్రకారమే పొసగని పని. పైగా సున్నం ఆ మెత్తని చర్మాన్ని పొక్కిస్తుంది. పొక్కిన చర్మం కింద గడ్డ ఎలా ఉన్నదో తరువాత వైద్యునికి చూడటమూ కష్టమే. ఉమ్మెత్త విషద్రవ్యం. పాలిచ్చే తల్లి రొమ్ముకు దానిని కట్టడం పసిబిడ్డకు హాని.

సుశ్రుతుడు అర్బుదానికి లేపాలు, స్వేదాలు చెప్పలేదా అని తోటి వైద్యులు నన్ను అడుగుతారు. చెప్పాడు. అదే చికిత్సాస్థానంలో, అర్బుదాన్ని శేషం మిగల్చకుండా తొలగించాలనీ, మిగిలితే మళ్లీ పెరుగుతుందనీ, ఆర్పకుండా మిగిల్చిన నిప్పులాగా హాని చేస్తుందనీ కూడా చెప్పాడు. ఆయన శల్యతంత్ర నిపుణుడు, కత్తి పట్టినవాడు. సూక్ష్మదర్శిని లేని ఆ కాలంలోనే అంత స్పష్టంగా చెప్పినవాడు, గడ్డలోని కణాలను అద్దం కింద చూడగలిగిన ఈ కాలంలో ఉంటే రోగిని ముందు ఎక్కడికి పంపేవాడో నాకు సందేహం లేదు. క్యాన్సర్ గడ్డను కాంచనార గుగ్గులు కరిగించినట్లు నిరూపణ లేదు. ఉన్నట్లు ప్రకటించుకోవడం చట్టరీత్యా నేరం కూడా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్‌ను నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించినది. ఆ చట్టం ఉన్నదన్న సంగతి మా వాళ్లలో ఎందరికి గుర్తున్నదో!

ఇక లెక్కల విషయం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడినది. సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించారు. మన స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉన్నది. పాశ్చాత్య దేశాలలో కంటె మన దేశంలో సుమారు ఒక దశాబ్దం ముందుగా, యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఎక్కువ మందిలో బయటపడుతున్నది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదిక ప్రకారం వీరిలో నూటికి 57 మందిలో వ్యాధి చుట్టుప్రక్కలకు ముదిరిన తరువాతనే తెలిసింది. ముదరడం వలన నష్టమెంత? 2012–2015 మధ్య వ్యాధి నిర్ధారణ అయినవారిని అనుసరించి చూసి 2024లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో, గడ్డ రొమ్ముకే పరిమితమై ఉండగా తెలిసినవారిలో నూటికి 81 మంది ఐదేళ్లు దాటి జీవించి ఉన్నారు. దూరపు అవయవాలకు పాకిన తరువాత తెలిసినవారిలో 18 మంది మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది చాలావరకు కాలమే. ఆ కాలంలో కొంత వ్యాధి స్వభావం తినివేస్తుంది. మిగిలినది సిగ్గు, "చూద్దాంలే", పైపూత తినివేస్తాయి.

అయితే నెలనెలా పరీక్షించుకుంటే చాలు, ప్రాణభయం లేదని చెబితే అది కూడా అసత్యమే. చైనాలోని షాంఘై నగరంలో 1989–1991 మధ్య వస్త్ర మిల్లులలో పనిచేసే 2,66,000 మందికి పైగా స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి స్వయం పరీక్ష శ్రద్ధగా నేర్పించారు. 2002లో ఫలితాలు ప్రచురించినప్పుడు, నేర్చుకున్నవారిలో 135 మంది, నేర్చుకోనివారిలో 131 మంది రొమ్ము క్యాన్సర్‌తో మరణించినట్లు తేలింది. అంటే తేడా లేదు. పైగా నేర్చుకున్నవారిలో నిరపాయకరమైన గడ్డలు ఎక్కువగా బయటపడి, అనవసరపు కోతలు ఎక్కువైనాయి. దీనిని, ఇటువంటి ఇతర అధ్యయనాలను దృష్టిలో పెట్టుకొని అమెరికాలోని నిపుణుల సంఘం 2009లో స్త్రీలకు స్వయం పరీక్ష పద్ధతిని బోధించవద్దని సిఫారసు చేసింది.

ఈ వార్త చదివి మన డాక్టర్లలో కొందరు స్వయం పరీక్ష మాటే ఎత్తడం మానివేశారు. నేను వారితో పూర్తిగా ఏకీభవించను. అమెరికా వంటి దేశాలలో నలభై, యాభై దాటిన స్త్రీని క్రమం తప్పకుండా మామోగ్రామ్‌కు పిలిచే ఏర్పాటు ఉన్నది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల స్త్రీలలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇక్కడ గడ్డను మొదట కనుగొనేది స్త్రీ చేయే. ఆ చేతికి ఏమి తెలియాలన్నదే ప్రశ్న. నా అభిప్రాయంలో ఆమెకు కావలసినది తేదీ తప్పితే దోషం అన్నట్లు పాటించే వ్రతం కాదు. తన ఒంటి సహజ స్వరూపం తనకు పరిచయం కావడం, ఆ పరిచయానికి భిన్నమైనది కనబడితే జాగు చేయకపోవడం. ఈనాటి వైద్యులు "రొమ్ముపై ఎరుక" అంటున్నది దీనినే.

మరొక సంగతి కూడా స్పష్టం కావాలి. పరీక్ష చేసుకుంటే వ్యాధి రాదని కొందరు అనుకుంటారు. వ్యాధి సంచయం మొదలు భేదం వరకు ఆరు దశలలో నడుస్తుందని మా శాస్త్రం చెబుతుంది. చేతికి గడ్డ తగిలిందంటే వ్యాధి అప్పటికే ఐదవ దశ, 'వ్యక్తి'కి వచ్చినట్లు. కనుక ఇది నివారణ కాదు, ఆలస్య నివారణ మాత్రమే.

ఎప్పుడు, ఎలా చూసుకోవాలి? బహిష్టు మొదలైన రోజు నుంచి లెక్కించి ఏడు నుంచి పది రోజుల మధ్య రొమ్ములు మెత్తగా, బరువు లేకుండా ఉంటాయి. అదే తగిన సమయం. మన ఆడవారికి శుక్రవారం తలంటు ఆనవాయితీ గదా. బహిష్టు మొదలై వారం గడిచిన తరువాత వచ్చే శుక్రవారాన్ని దీనికి కేటాయించుకుంటే ప్రత్యేకంగా జ్ఞాపకం పెట్టుకోనవసరం లేదు. అభ్యంగానికి నువ్వుల నూనె రాసుకున్నప్పుడు వేళ్లు చర్మం మీద సులువుగా జారుతాయి, లోపలి గట్టిదనం బాగా తెలుస్తుంది. బహిష్టులు ఆగిపోయినవారు నెలలో ఏదో ఒక తేదీ పెట్టుకుంటే సరి.

ముందు కళ్లతో చూడాలి. దర్శనం తరువాతనే స్పర్శనం అని మాకు నేర్పారు. తలుపు గడియ వేసుకొని, వెలుతురులో, అద్దం ముందు చేతులు వదిలి ఒకసారి, చేతులు పైకెత్తి ఒకసారి, నడుముకు రెండు చేతులూ గట్టిగా ఆనించి ఒకసారి చూసుకోవాలి. రెండు రొమ్ములూ సరిసమానంగా ఉండనవసరం లేదు. చాలామందికి ఉండవు. నిన్నటి వరకు లేని తేడా ఏదైనా వచ్చిందా అన్నదే చూడవలసినది. చర్మం ఒకచోట లోపలికి గుంటపడటం, బత్తాయి తొక్కలా గరుకుగా బొడిపెలు తేలడం, ఇంతకాలం బయటికి ఉన్న చనుమొన లోపలికి లాక్కొనిపోవడం, చనుమొన మీద మానని పుండు లేదా పొక్కు, పాలివ్వని స్త్రీకి ఒక రొమ్ము ఎర్రబడి వాయడం ఇవన్నీ గమనించవలసినవే.

తరువాత వెల్లకిలా పడుకొని, పరీక్షించే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టుకొని, ఆ చేతిని తల వెనుకకు చేర్చి, రెండవ చేతి మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో చూడాలి. వేలి కొసలతో గిల్లినట్లు పట్టుకుంటే ప్రతిచోటా గడ్డలాగే తోస్తుంది. సగం భయాలు ఇక్కడే పుడతాయి. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ఒకే చోట ముందు తేలికగా, తరువాత కొంచెం నొక్కి, ఆపైన పక్కటెముకలు తగిలేటంతగా నొక్కి, మెడ ఎముక నుంచి రొమ్ము కింది మడత వరకు, చంక నుంచి రొమ్ముటెముక వరకు ఏ భాగమూ వదలకుండా సాగాలి. చంకను మరువరాదు. చనుమొనను పిండి చూడరాదు. పిండితే ఏదో ఒక చుక్క రావడం చాలామందిలో మామూలే. పిండకుండా తనంతట తానే వచ్చే స్రావం, ముఖ్యంగా ఒక్క వైపు నుంచే వచ్చేది, నెత్తురు కలిసినది, చూపించవలసినది. మొదటి రెండు మూడు నెలలు అంతా గజిబిజిగా, అటుకుల మూట తడిమినట్లు ఉంటుంది. ఆ గజిబిజియే మీ సహజ స్వరూపం. దానిని చేయి నేర్చుకున్న తరువాతనే కొత్తది తెలుస్తుంది.

ఇరవై ఏళ్లు వచ్చిన అమ్మాయికి ఇది నేర్పితే చాలు. పన్నెండేళ్ల పిల్లకు నేర్పనవసరం లేదు. తొమ్మిది, పది, పదకొండేళ్ల వయసులో చనుమొన కింద ఒక వైపు ముందుగా బిళ్లలా గట్టిపడటం రొమ్ము మొలకెత్తడమే. దానిని చూసి హడలిపోయి కోయించరాదు. ఆ మొలకను తీసివేస్తే ఆ వైపు రొమ్మే పెరగదు. పూతలు వేయడం, నొక్కడం కూడా వద్దు.

ఇరవైలలో ఉన్న అమ్మాయికి గడ్డ తగిలితే అది చాలావరకు ఫైబ్రోఎడినోమా అనే నిరపాయకరమైన గడ్డ అయి ఉంటుంది. గోళీలా నున్నగా, వేలి కింద జారిపోతూ ఉంటుంది. ఆ వయసులో క్యాన్సర్ అరుదు. అరుదు అంటే లేదని కాదు, అందుకే చూపించడం. వారికి సాధారణంగా అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండటం వలన మామోగ్రామ్‌లో స్పష్టత తక్కువ.

ఏడేళ్ల క్రితం ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయిని తల్లి నా వద్దకు తీసుకొని వచ్చింది. పిల్లకు గడ్డ తగిలిందట. తల్లి కన్నీరు మున్నీరుగా ఏడుస్తున్నది. పెళ్లి ఈడు పిల్ల, బయటికి తెలిస్తే ఏమిటి గతి, మందుతో కరిగించండి అని ప్రార్థన. నేను మందు ఇవ్వలేదు. తెలిసిన శస్త్రవైద్యురాలికి చీటీ వ్రాసి పంపాను. స్కానింగు, సూది పరీక్ష చేసి ఫైబ్రోఎడినోమా అని తేల్చారు. కోయనవసరం కూడా లేదన్నారు. పది రోజుల తరువాత ఆ కాగితాలు చూపించడానికి ఇద్దరూ వచ్చారు. తల్లి ముఖంలో వెలుగు వచ్చింది. పిల్ల ముఖంలో లేదు.

"డాక్టరుగారూ, ఆస్పత్రిలో నర్సమ్మ నాకు చూసుకోవడం నేర్పింది. ఇంటికి వచ్చి అమ్మకు చెబుతుంటే, నాకూ ఒకటి ఉందిలేవే అన్నది. ఎనిమిది నెలలయిందట. ఉమ్మెత్తాకు కడుతున్నదట. మీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నది," అన్నది ఆ అమ్మాయి.

తల్లికి అప్పటికి నలభై ఏడేళ్లు. "నాదేముందండీ, పాలగడ్డ మిగిలిపోయి ఉంటుంది, దీని సంగతి చూడండి," అన్నది. పాలు మాన్పించి పదిహేడేళ్లు దాటిన స్త్రీ మాట అది! అదే శస్త్రవైద్యురాలి వద్దకు అదే రోజు పంపించాను. క్యాన్సర్ అని తేలింది, చంకలోని గ్రంథులకు చేరింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ జరిగాయి. ఆమె ఉన్నారు. ఏటా పరీక్షలకు వెళుతున్నారు. ఎనిమిది నెలల ముందే వచ్చి ఉంటే కథ ఇంత దూరం వచ్చేదా అని నన్ను ఒకసారి అడిగారు. ఆ ప్రశ్నకు నేను మజ్జిగ త్రాగమని చెప్పి మాట మార్చాను.

యువతులకు నేర్పడం వలన ప్రయోజనమేమిటి, వారిలో ఈ వ్యాధి అరుదు గదా అనేవారికి నా జవాబు ఆ ఇల్లే. చదువుకున్న కూతురు ఆ మాటను ఇంట్లోకి తెస్తుంది. తల్లి, పిన్ని, మేనత్త, అత్తగారు వింటారు. డాక్టరు అడిగితే చెప్పని సంగతి కూతురు అడిగితే తల్లి చెబుతుంది. వ్యాధి ఎక్కువగా వచ్చే వయసు తల్లిది, అడగగలిగిన నోరు కూతురిది.

మేనత్త అన్నాను గనుక ఒక మాట. ఈ వ్యాధి కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. చాలామంది తల్లి వైపు మాత్రమే లెక్క చూస్తారు. తండ్రి వైపు నుంచి కూడా సంక్రమిస్తుంది. నాయనమ్మకో, మేనత్తకో చిన్న వయసులో వచ్చి ఉంటే ఆ సంగతి దాచకుండా వైద్యునికి చెప్పాలి. అటువంటి ఇంటి ఆడపిల్లలకు పరీక్షలు ముందుగా మొదలుపెట్టవలసి ఉంటుంది. సంబంధాలు చెడిపోతాయని పెద్దవాళ్లు ఆ మరణాన్ని "కడుపులో పుండు" అని చెప్పి ఉంచిన ఇళ్లు నాకు తెలుసు. మగవారికి కూడా, అరుదుగానే అయినా, ఈ వ్యాధి వస్తుంది.

సూది గుచ్చితే వ్యాధి పాకుతుందన్న భయం మరొకటి. బయాప్సీ వద్దని నాటువైద్యుని వద్దకు పరుగెత్తేవారిని దీనితోనే చూస్తున్నాను. సూదితో ముక్క తీసి పరీక్షించడం వలన క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది నిజం కాదు. అది లేకుండా ఏ చికిత్స చేయాలో నిర్ణయించడం సాధ్యం కాదు. అలాగే రొమ్ము మొత్తం తీసివేస్తారన్న భయం. చిన్న గడ్డగా ఉన్నప్పుడు తెలిస్తే చాలామందిలో గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి, తరువాత రేడియేషన్ ఇచ్చి రొమ్మును నిలుపుతున్నారు. ఆ భయంతో ఆలస్యం చేసినవారికే ఆ భయం నిజమవుతున్నది.

ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలు స్వయం పరీక్షతో సరిపెట్టుకోరాదు. శిక్షణ పొందిన చేతితో పరీక్ష చేయించుకోవాలి. ముంబాయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రివారు 1998లో మొదలుపెట్టి, 35–64 ఏళ్ల స్త్రీలు సుమారు లక్షన్నర మందితో జరిపిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అందులో పరీక్ష చేసినది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన సామాన్య మహిళా కార్యకర్తలు. రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించిన వర్గంలో వ్యాధి తొలి దశలలో బయటపడటం పెరిగింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు నూటికి 30 వంతులు తగ్గాయి. యాభై లోపువారిలో మరణాలు తగ్గినట్లు కనబడలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ముప్పై దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయాలి. మన మధ్యతరగతివారు ఆ గుమ్మం తొక్కడం నామోషీ అనుకుంటారు. అక్కడికి వెళ్లనివారు ఇంటి దగ్గరి లేడీ డాక్టరు వద్దనైనా చేయించుకోవాలి. నిర్ధారణ అయినవారికి హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి, విశాఖపట్నంలో టాటావారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. అర్హులైనవారికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ క్రింద చికిత్స లభిస్తుంది.

మరి ఆయుర్వేదానికి ఇందులో పని లేదా? ఉన్నది. చికిత్స జరిగే రోజులలో నోరు రుచించని రోగికి పథ్యం చెప్పడం, నిద్ర, మలబద్ధకం వంటివి చక్కదిద్దడం, కోలుకొనే కాలంలో బలం పుంజుకొనేటట్లు చూడటం మా పని. కీమోథెరపీ జరుగుతుండగా క్యాన్సర్ వైద్యునికి తెలియకుండా ఏ మూలికా ఇవ్వకపోవడం కూడా మా పనే.

ఇక ఈ పత్రిక సంపాదకులకు ఒక విన్నపం. బాలింతలకు పాలు గడ్డకట్టినప్పుడు వేడినీటి కాపడం, పాలు మాన్పించేటప్పుడు మల్లెపూలు కట్టడం వంటి చిట్కాలు మనం వేస్తుంటాము. వేయవచ్చును. వాటి కిందనే, అంతే పెద్ద అక్షరాలతో, బాలింతకు పాలగడ్డ వారం పది రోజులలో తగ్గకపోయినా, పాలివ్వని స్త్రీకి ఏ గడ్డ తగిలినా ఈ చిట్కా పనికిరాదని, వెంటనే వైద్యునికి చూపించాలని అచ్చువేయండి. రొమ్ములో గడ్డకు పైపూత చెప్పమని లేఖ వస్తే దానిని ప్రశ్నోత్తరాల శీర్షికకు పంపవద్దు. చిరునామా ఉంటే ఆ రోజే ఒక కార్డు వ్రాయండి. లేకపోతే ఆ నెల సంచికలోనే, ఇతర జవాబులన్నింటికంటె ముందు, "ఒక సోదరికి" అని నాలుగు పంక్తులు వేయండి. ఆ నాలుగు పంక్తులు వ్రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.